చెరువుకు ఏడవ దోషం

తెలుగు కవులు, శాసనకర్తలు సప్తసంతానాలను పదే పదే ప్రస్తావించారు. కన్నకొడుకు, చెరువు, కావ్యం, దేవాలయం, వనం, నిధి, అగ్రహారం అనే ఏడింటినీ మానవుడు లోకానికి విడిచి వెళ్లవలసిన సంతానంగా వారు భావించారు. కన్నబిడ్డతోపాటు చెరువును కూడా సంతానంగా లెక్కించడంలో ఒక గొప్ప భావన ఉంది. బిడ్డ వంశాన్ని నిలబెడితే చెరువు ఊరిని నిలబెడుతుంది. వానమీదనే ఆధారపడిన మెట్టసీమలలో ఈ మాట అతిశయోక్తి కాదు.

కడప మండలంలోని పోరుమామిళ్ల చెరువు ఇందుకు చక్కని నిదర్శనం. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దీనిని నిర్మింపజేశాడు. 1369వ సంవత్సరం నాటి శాసనం ఆ నిర్మాణ విశేషాలను వివరిస్తున్నది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు చేరవేయడానికి నూరు బండ్లు చొప్పున రెండేళ్లపాటు శ్రమిస్తే ఆ చెరువు రూపొందింది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం పేర్కొన్నది. కట్టనుంచి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై సాగుభూమి తక్కువ కావడం అనేవి ఆ ఆరు దోషాలు. ఊరి ఇళ్లనుంచి వచ్చి చేరే నీరు ఈ జాబితాలో లేదు. ఆనాడు దానిని దోషంగా ఎంచవలసిన అవసరం కలగలేదు. నేటి చెరువులకు మాత్రం అదే ఏడవ దోషంగా పరిణమించింది.

పూర్వం రేవులో బట్టలుతికినవారికి తాము విడిచిన మురికి కళ్లెదుటనే కనిపించేది. ఆ రేవులోనే వారు స్నానం చేసేవారు, ఆ నీటినే పశువులు తాగేవి. నేటి పట్టణ గృహస్థునికి ఆ అనుభవం లేదు. బట్టలుతికిన నీరు, అంట్లు తోమిన నీరు, మరుగుదొడ్డి కడిగిన నీరు నేలలోని రంధ్రం గుండా క్షణంలో మాయమవుతున్నాయి. గొట్టం మురికినే కాక, ఆ మురికి పర్యవసానాన్ని కూడా మన కంటికి దూరం చేసింది. కంటికి కనబడనిది లేనట్లే అనుకోవడం మానవ సహజం. అయితే ఇంటినుంచి వెళ్లిన నీరు ఎక్కడికీ పోదు. అది కాలువకో, వాగుకో, చెరువుకో, నదికో చేరి తీరుతుంది.

ఆ ప్రవాహం స్వల్పమైనది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన లెక్కల ప్రకారం మన దేశంలోని పట్టణ ప్రాంతాలలో రోజుకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగునీరు ఉత్పత్తి అవుతున్నది. అందులో వాస్తవంగా శుద్ధి పొందుతున్నది సుమారు 2,023 కోట్ల లీటర్లు. అంటే ప్రతి నూరు లీటర్లలో దాదాపు 72 లీటర్లు శుద్ధి లేకుండానే నేలమీదికో, నీటివనరులలోనికో చేరుతున్నాయన్నమాట. ఈ నీటిలో మానవ వ్యర్థాలతోపాటు సబ్బులు, డిటర్జెంట్లు, ఫినాయిలు, బ్లీచింగు ద్రవాలు, మిగిలిపోయిన మందులు కలిసి ఉంటాయి.

వీటిలో నిత్యం అత్యధికంగా వాడబడేది డిటర్జెంటు. అది మురికిని వదిలించే విధానం తెలిస్తే నీటి ప్రాణులకు అది చేసే హాని కూడా తేలికగా అర్థమవుతుంది. డిటర్జెంటు అణువుకు ఒక తల, ఒక తోక ఉన్నాయనుకోవచ్చు. తల నీటిని కోరుతుంది. తోక నీటిని వదలి జిడ్డును ఆశ్రయిస్తుంది. బట్టను నానబెట్టినపుడు అసంఖ్యాకమైన అణువులు తమ తోకలను జిడ్డులో గుచ్చి, తలలను నీటివైపు నిలిపి, జిడ్డును చిన్న చిన్న బిందువులుగా విడదీసి నీటిలోకి లాగుతాయి. బట్ట శుభ్రపడటంతో ఈ అణువుల పని ముగిసిపోదు. చెరువులో చేరిన తరువాత కూడా వాటి స్వభావం అదే. అక్కడ అవి చొక్కా మీది జిడ్డుకు బదులు ప్రాణుల శరీరం మీది రక్షణ పొరలను ఆశ్రయిస్తాయి.

చేప శరీరాన్ని జిగురు వంటి పొర ఒకటి కప్పి ఉంచుతుంది. సూక్ష్మజీవులనుంచి, పరాన్నజీవులనుంచి చేపను కాపాడే కవచం అదే. చేప శ్వాసించే మొప్పలు మరింత సున్నితమైనవి. నీటిలోని ప్రాణవాయువు రక్తంలోకి సులభంగా ప్రవేశించడానికి వీలుగా వాటి చర్మం అతి పలుచగా ఉంటుంది. డిటర్జెంటు జిగురు పొరను కరిగిస్తుంది, మొప్పల కణాలను దెబ్బతీస్తుంది. లీటరు నీటిలో కొద్ది మిల్లీగ్రాముల డిటర్జెంటు చేరినా పలు జాతుల చేపలకు ప్రాణాపాయం సంభవిస్తుంది. గుడ్లు, చేపపిల్లలు అంతకంటె ముందుగా బలి అవుతాయి.

నీటి అడుగునే కాక నీటి పైభాగాన కూడా ప్రాణులు నివసిస్తాయి. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకోవడం వల్ల నీటి ఉపరితలం సాగదీసిన పలుచని పొరవలె ప్రవర్తిస్తుంది. దీనినే తలతన్యత అంటారు. చెరువు మీద కాళ్లు తడవకుండా పరుగులెత్తే సన్నకాళ్ల పురుగులను చాలామంది చూసే ఉంటారు. వాటిని మోస్తున్నది ఈ పొరయే. స్వచ్ఛమైన నీటి తలతన్యత గది ఉష్ణోగ్రత వద్ద మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. తగినంత డిటర్జెంటు కలిసినపుడు అది సుమారు సగానికి పడిపోతుంది. అప్పుడు ఆ పురుగులకు నిలువ నేల కరవై మునిగిపోతాయి. మనం చూడక తొక్కిన పురుగు వలెనే, మనం చూడక విడిచిన నీటిలో ఈ పురుగూ నశిస్తుంది.

ఈ హాని కొంతవరకు మానవుని చేతిలోనే ఉన్నదని చరిత్ర నిరూపించింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పాశ్చాత్య దేశాలలో వ్యాప్తి చెందిన తొలితరం డిటర్జెంట్ల అణువుల తోకలు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉండేవి. నీటిలోని బాక్టీరియా తిన్నని తోకను ఒక కొసనుంచి కొరుక్కుంటూ వచ్చి విచ్ఛిన్నం చేస్తుంది. ముళ్లకంప వలె కొమ్మలు చాచిన ఈ తోకలను కొరకడం దానికి సాధ్యం కాలేదు. ఫలితంగా 1950లలో నదులమీద నురుగు కొండలు పేరుకున్నాయి. కొన్నిచోట్ల ఇంటి కుళాయినీరు కూడా నురుగు కక్కింది. ప్రజలు ఆందోళన చెందారు, ప్రభుత్వాలు కదిలాయి. 1960ల మధ్యకాలానికి ఆయా దేశాల పరిశ్రమలు తిన్నని తోక గల డిటర్జెంట్లకు మారాయి. వీటిని బాక్టీరియా తేలికగా విచ్ఛిన్నం చేయగలుగుతుంది. నేడు మనం వాడుతున్న సబ్బుపొడులలో ఎక్కువగా ఉండేది ఈ రకమే.

అయితే ఇక్కడ ఒక నియమం ఉంది. ఈ బాక్టీరియా తన పని తాను చేయడానికి ప్రాణవాయువు కావాలి. అది లేని నీటిలో డిటర్జెంటు దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంటుంది. మురుగుతో నిండిన చెరువులో ప్రాణవాయువు ఉండదు. అందువల్ల శుద్ధి ఎక్కువ అవసరమైన చోటనే ప్రకృతి చేతులు కట్టివేయబడుతున్నాయి.

బెంగళూరులోని బెళ్లందూరు చెరువు ఈ పరిణామాన్ని దేశానికంతటికీ చూపింది. నగరపు మురుగు దశాబ్దాలపాటు ఆ చెరువులో చేరింది. మత్తడి వద్ద నీరు ఎత్తునుంచి దూకినపుడు అందులోని డిటర్జెంటు చిలికిన మజ్జిగ వలె నురగలెత్తింది. ఆ నురుగు గాలికి లేచి రోడ్లమీద, వాహనాలమీద పడింది. ప్రాణవాయువు లేని అడుగు బురదలో మండే స్వభావం గల మీథేను వాయువు పుడుతుంది. దానికి నీటిమీది నూనె జిడ్డు, ఎండిన కలుపు, చెత్త తోడవుతాయి. 2015 మే నెలలో ఆ చెరువు నురుగు మీద మంటలు లేచాయి. 2017 ఫిబ్రవరిలో చెరువు మళ్లీ మండింది. నిప్పును ఆర్పవలసిన నీరే నిప్పుకు ఆశ్రయమైంది.

నురుగు కంటికి కనిపించే హాని. అంతకంటె లోతైన హాని భాస్వరం వల్ల కలుగుతుంది. కఠినజలంలో కూడా సబ్బుపొడి చక్కగా పనిచేయడానికి దానిలో సోడియం ట్రైపాలీఫాస్ఫేటు వంటి ఫాస్ఫేట్లను కలపడం చాలాకాలంగా వాడుకలో ఉంది. ఈ పదార్థపు బరువులో నాలుగోవంతు భాస్వరమే. భాస్వరం విషం కాదు, ప్రాణులన్నిటికీ అవసరమైన పోషకం. ఆ గుణమే చెరువుకు ముప్పు తెస్తున్నది. మంచినీటి చెరువులలో సహజంగా భాస్వరం చాలా తక్కువగా ఉంటుంది. ఆ కొరతే నాచు మితిమీరి పెరగకుండా అడ్డుకట్ట వేస్తుంది. ఒక గ్రాము భాస్వరం చేరితే ఎండిన బరువులో సుమారు 100 గ్రాముల నాచు పెరగగలదు.

ఈ సత్యాన్ని కెనడాలోని ఒక ప్రయోగం సందేహాతీతంగా నిరూపించింది. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1973లో ఒంటారియో రాష్ట్రంలోని 226వ సంఖ్య గల సరస్సును ప్లాస్టిక్ తెరతో రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో కార్బన్, నత్రజని పదార్థాలను కలిపారు. రెండవ భాగంలో వాటితోపాటు భాస్వరాన్ని కూడా కలిపారు. మొదటి భాగం తేటగానే ఉంది. రెండవ భాగం కొద్ది వారాలలోనే ఆకుపచ్చని నాచుతో కప్పబడిపోయింది. ఆకాశంనుంచి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రం శాస్త్రవేత్తలనే కాక చట్టసభలను కూడా ఆలోచింపజేసింది.

చెరువు పచ్చబడితే నష్టమేమిటని ఎవరైనా అడుగవచ్చు. నాచు పగటివేళ సూర్యరశ్మిలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రివేళ అదే నాచు ప్రాణవాయువును పీల్చుకుంటుంది. నాచు చనిపోయి అడుగుకు చేరినపుడు దానిని కుళ్లబెట్టే బాక్టీరియా మిగిలినదానిని కూడా హరిస్తుంది. అందుచేత తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి దిగజారుతుంది. ఆ వేళ చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేయడం గోదావరి మండలాల చేపల రైతులకు తెలిసిన దృశ్యమే. వారు యంత్రాలతో నీటిని చిలికి చేపలను కాపాడుకుంటారు. ఊరి చెరువులోని చేపలకు అటువంటి రక్షకులు లేరు.

క్రమంగా చెరువులోని జీవసముదాయమే మారిపోతుంది. ప్రాణవాయువును ఎక్కువగా కోరే బొచ్చె, శీలావతి వంటి చేపలు ముందుగా తగ్గిపోతాయి. నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చగల కొరమీను వంటివి మరికొంత కాలం నిలుస్తాయి. తూనీగ పిల్లలు నీటిలోనే పెరిగి దోమపిల్లలను తింటాయి. మురుగు వాటిలో చాలా జాతులకు సరిపడదు. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమకు మాత్రం మురుగునీరు పుట్టినిల్లు. భక్షకుడు పోయి భక్ష్యం మిగిలిన ఆ చెరువు ఊరికి రోగాలను ప్రసాదిస్తుంది. భాస్వరంతో బలిసిన గుర్రపుడెక్క నీటిని కప్పివేసి వెలుగును అడ్డుకుంటుంది. మత్స్యకారుని వలకు చేపకు బదులు ఆ కలుపే చిక్కుతుంది.

హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ ఈ చరిత్రనంతటినీ చవిచూసింది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో 1562లో రూపొందిన ఆ చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీటిని అందించింది. కాలక్రమంలో కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల ద్వారా ఇళ్ల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు అందులో చేరాయి. నీటిని పాడుచేయడానికి ఖర్చు కాలేదు. బాగుచేయడానికి మాత్రం 2006లో జపాన్ దేశపు రుణసహాయంతో భారీ పథకాన్ని చేపట్టవలసి వచ్చింది.

మితిమీరిన నాచులో కొన్ని జాతులు విషపూరితమైనవి. నీలి ఆకుపచ్చ నాచు విడుదల చేసే మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నీటిని కాచినా అది నశించదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఎరీ సరస్సు నీటిని వాడే నాలుగు లక్షలకు పైగా ప్రజలను కుళాయినీరు తాగవద్దని అధికారులు హెచ్చరించారు. ఈ సంఘటనకు ప్రధాన కారణం పొలాలనుంచి కొట్టుకువచ్చిన ఎరువుల భాస్వరం. పొలంనుంచి వచ్చినా, ఇంటినుంచి వచ్చినా నాచుకు భాస్వరం ఒక్కటే.

ఇంట వాడే ఇతర రసాయనాలు కూడా తమ వంతు హానిని కలిగిస్తున్నాయి. బ్లీచింగు ద్రవంలోని క్లోరిన్ ఎక్కువభాగం మురుగుతో చర్య పొంది శక్తిని కోల్పోతుంది. శక్తి కోల్పోకుండా మిగిలినది లీటరు నీటికి మిల్లీగ్రాములో యాభయ్యవ వంతు ఉన్నా నీటి ప్రాణులకు ప్రమాదమే. సెప్టిక్ ట్యాంకులో మలినాలను విచ్ఛిన్నం చేసే బాక్టీరియాను కూడా అది చంపుతుంది. మరికొన్ని రసాయనాలు చంపవు, ప్రాణి స్వభావాన్ని మారుస్తాయి. నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేట్లు అనే శుద్ధిపదార్థాలు నీటిలో విడిపోయినపుడు పుట్టే పదార్థం స్త్రీ హార్మోనును అనుకరిస్తుంది. ఇంగ్లండులోని ఎయిర్ నదిలో ఉన్ని మిల్లుల మురుగు కలిసే చోట, ఆడచేపలలో గుడ్ల తయారీకి మాత్రమే ఏర్పడవలసిన మాంసకృత్తు మగచేపల రక్తంలో కనిపించినట్లు 1990లలో శాస్త్రజ్ఞులు గుర్తించారు. మిల్లులు ఆ పదార్థాల వాడకాన్ని తగ్గించిన తరువాత ఆ లక్షణం కూడా తగ్గింది. ఐరోపా సంఘం 2003లో వీటి వినియోగంపై ఆంక్షలు విధించింది.

ఇంతమాత్రం చేత రసాయనమన్నది చెడ్డదని, ప్రకృతిసిద్ధమైనది మంచిదని భావించడం సరికాదు. మన పూర్వులు తలంటుకు వాడిన కుంకుడుకాయలో నురుగునిచ్చే సాపోనిన్లు కూడా మొప్పలను దెబ్బతీసేవే. సాపోనిన్లు గల మొక్కలను నలిపి నీటిలో వేసి చేపలను పట్టే ఆచారం అనేక గిరిజన సమాజాలలో ఉంది. కాని కుంకుడు రసం కొద్దిపాటిగా వాడబడేది, త్వరగా విచ్ఛిన్నమయ్యేది, ప్రాణవాయువు నిండిన నీటిలో చేరేది. పదార్థం ఏది, ఎంత, ఎటువంటి నీటిలో చేరుతున్నది అనే మూడింటి మీదనే హాని ఆధారపడి ఉంటుంది. ఒక ఇంటి దోసెడు సబ్బుపొడి నదికి లెక్కలోనిది కాదు. లక్షల ఇళ్ల దోసెళ్లు ఒకే చెరువుకు చేరడమే అసలు సమస్య.

సమస్య మానవనిర్మితమైనందున పరిష్కారం కూడా అతని చేతిలోనే ఉంది. 1960లలో చచ్చిన సరస్సుగా పేరుపడిన ఎరీ సరస్సును బాగుచేయడానికి అమెరికా, కెనడా దేశాలు 1972లో ఒప్పందం కుదుర్చుకున్నాయి. డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లను తగ్గించాయి, మురుగుశుద్ధి కేంద్రాలను మెరుగుపరచాయి. 1980ల నాటికి ఆ సరస్సులో చేరే భాస్వరం సగానికి పైగా తగ్గింది. నీరు తేటబడింది. తరువాతి కాలంలో ఎరువుల వల్ల సమస్య తిరిగి తలెత్తడం, ఒకసారి సాధించిన విజయాన్ని కూడా నిరంతరం కాపాడుకోవాలని బోధిస్తున్నది.

మురుగునీటిని శుద్ధి చేయడం ప్రభుత్వాల, పురపాలక సంఘాల బాధ్యత. సరిగా పనిచేసే శుద్ధికేంద్రం డిటర్జెంటులో చాలాభాగాన్ని తొలగించగలదు. కాని ప్రత్యేకమైన ఏర్పాటు లేనిదే భాస్వరాన్ని అంతగా తొలగించలేదు. కాబట్టి పౌరుని బాధ్యత కూడా మిగిలే ఉంది. ప్యాకెట్టు మీద సూచించిన కొలతకు మించి సబ్బుపొడి వాడినంత మాత్రాన బట్ట మరింత తెల్లబడదు. ఫాస్ఫేటు లేని పొడులు లభిస్తున్నాయి, వాటిని అడిగి కొనవచ్చు. పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువులను గుర్తించడానికి కేంద్ర ప్రభుత్వం 1991లో ఎకోమార్క్ పథకాన్ని ప్రవేశపెట్టింది. దాని చిహ్నం మట్టికుండ. వాడగా మిగిలిన మందులను, పాత రంగులను, వంటనూనెను తూములో పోయకూడదు. యాసిడ్‌ను, బ్లీచింగు ద్రవాన్ని కలిపితే విషవాయువు పుడుతుంది. కనుక వాటిని కలపడం నీటి ప్రాణులకంటె ముందుగా ఇంటివారికే ప్రమాదకరం.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాలు చాలావరకు నేలకు, నీటికి, చెరువు కట్టిన చోటుకు సంబంధించినవి. ఒకసారి కట్టిన తరువాత వాటిని సరిదిద్దడం కష్టం. ఏడవ దోషం అటువంటిది కాదు. అది ప్రతి ఉదయం ప్రతి ఇంటిలోను కొత్తగా పుడుతున్నది. కనుక ప్రతి ఉదయం ప్రతి ఇంటిలోను దానిని కొంతైనా తగ్గించవచ్చు. చెరువును సంతానంగా భావించిన పూర్వులు దానిని తమ తరువాతివారికి తేటగా అప్పగించారు. దానిని అందుకున్నవారు తమ తరువాతివారికి ఎటువంటి నీటిని అప్పగిస్తారన్నది, తూములో ఏమి పోస్తున్నారన్న దానిమీద ఆధారపడి ఉంది.